మానవుడు దేవత అగునా? - జపాను బొమ్మల కథలలో ఒక ప్రశ్న



జపాను దేశమున తయారగు 'అనిమే' అనే బొమ్మల చలనచిత్రాలను నేడు మన ఇండ్లలోని పిల్లలు ఎంతో ఆసక్తితో చూస్తున్నారు. వాటిలో కొన్నింట ఒక సామాన్య బాలికయో, విద్యార్థియో దేవతాస్థానమును పొందుట కనబడుతుంది. "మనిషి దేవుడగుటేమిటి, ఇది అపచారము కాదా?" అని పెద్దలు నొచ్చుకుంటున్నారు. పిల్లలేమో "అయితే మనమూ కావచ్చునా?" అని అడుగుతున్నారు. పిల్లల ప్రశ్నయే మేలైనది. దానిని కసరి ఊరుకోబెట్టక, శాస్త్రదృష్టితో విచారింతము.

జపాను వారి 'కమి' అనే పదమును మనము దేవుడని అనువదించుకుంటున్నాము. చిక్కంతా అక్కడనే ఉన్నది. కమి అనగా జగత్కారణమైన పరమాత్మ కాదు. కొండ గాని, జలపాతము గాని, మహావృక్షము గాని, అసాధారణుడైన పురుషుడు గాని, మనస్సున భయభక్తులు పుట్టించునదంతా వారికి కమియే. సుగవారా నో మిచిజానే అనే పండితకవి ఆస్థానమున ఉన్నత మంత్రిపదవి నందెను. అపనిందకు గురియై 901లో రాజధాని నుండి దజైఫుకు పంపబడి, 903లో అక్కడనే కన్నుమూసెను. తరువాత రాజకుటుంబమున మరణములు సంభవించినవి; 930లో రాజభవనముపై పిడుగు పడినది. అది ఆ పుణ్యాత్ముని ఆగ్రహమేనని భయపడి ఆయన గౌరవమును పునరుద్ధరించిరి. 947లో క్యోటో నగరమున కితానోలో ఆయనకు ఆలయము వెలసినది. ఆయనయే తెన్‌జిన్ అనే విద్యాదేవత. నేటికీ పరీక్షలకు పోవు విద్యార్థులు ఆయనకు మ్రొక్కుచున్నారు.

ఇది మనకు వింత కారాదు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఆరాధన జరుగుతున్నది. మేడారమున సమ్మక్క సారలమ్మలకు లక్షలాది జనము మ్రొక్కులు చెల్లించుచున్నారు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి, సత్కర్మచేత దేవత్వము పొందినవారిని కర్మదేవతలని పేర్కొన్నది. కనుక మానవునికి దేవతాపదవి లభించునని చెప్పుట మన శాస్త్రమునకు విరుద్ధము కాదు. అయితే ఆ ఉపనిషత్తే వారిపైన దేవతలను, ఇంద్రుని, బృహస్పతిని, ప్రజాపతిని వరుసగా నిలిపి, ఒక్కొక్క మెట్టున ఆనందము నూరు రెట్లని లెక్కగట్టినది. మరొక మాట కూడ చేర్చినది: కామము చేత దెబ్బతినని శ్రోత్రియునికి ఆ మెట్లన్నింటి ఆనందమును ఉన్నచోటనే కలదట! పదవి వేరు, పూర్ణత్వము వేరు. ఈ భేదము పట్టుకొన్నచో ఆ కథల మర్మము తేటపడును.

2006-07లలో వచ్చిన 'డెత్ నోట్' కథలో లైట్ యాగమి అనే తెలివైన విద్యార్థికి ఒక పుస్తకము దొరకును. అందులో ఎవని పేరు వ్రాసిన వాడు మరణించును. నేరస్థులను తుడిచివేసి కొత్త లోకమునకు తానే దేవుడనగుదునని అతడు సంకల్పించును. క్రమముగా తన్ను పట్టుకొనవచ్చిన నిరపరాధుల పేర్లు కూడ ఆ పుటలకెక్కును. చివరకు తానే దిక్కులేని చావు చచ్చును. చూడగా మనకు నహుషుడు గుర్తుకు రాక మానడు. ఇంద్రుడు లేని వేళ దేవతలే పిలిచి సింహాసనమెక్కించిన పుణ్యాత్ముడాయన! శచీదేవిని కోరి, ఋషులచేత పల్లకి మోయించి, అగస్త్యుని కాలదన్ని కొండచిలువయై పడెను. నహుషునికి పుణ్యమైనా ఉన్నది. ఈ యువకునికి అదియును లేదు.

2012 నాటి 'కమిసామా హజిమేమాషిత'లో నానామి అనే బాలిక వేరు తీరు. తండ్రి జూదపు అప్పులతో పారిపోగా ఇల్లు కోల్పోయి, అనుకోకుండా ఒక పాత గుడికి గ్రామదేవత అయినది. ఆమె దేవత్వమంతా వచ్చినవారి మొర వినుట, గుడిని నిలుపుట. సేవయే అక్కడ అధికారము.

అన్నింటికన్న లోతైనది 2011లో పన్నెండు భాగములుగా వచ్చిన మడోకా కథ. అందు బాలికలు ఒక్క కోరిక తీరుటకు బదులుగా రాక్షసశక్తులతో పోరుటకు ఒడంబడుదురు. ఆశ అడుగంటిననాడు తామే ఆ రాక్షసులుగా మారుదురు. ఇది తెలిసిన మడోకా, భూతభవిష్యద్వర్తమానములలో ఏ బాలికయు అట్లు మారకుండ తన చేతులతోనే అడ్డుకొందునని కోరును. ఆ కోరికతో ఆమె శరీరము, పేరు, పుట్టిన జాడ సైతము లోకమున మిగులవు. ఆమె ఒక నియమమై, అలసిన బాలికలను చివరి క్షణమున చేరదీయును.

ఇక్కడ మన సంప్రదాయము ఒక అభ్యంతరము చెప్పకపోదు. బ్రహ్మసూత్రముల చివరి పాదము, ముక్తునికి ఎన్ని ఐశ్వర్యములు కలిగినను జగత్తును నడుపు వ్యాపారము ఈశ్వరునికే విడిచినది. విశ్వనియమమును మార్చిన మడోకా ఆ గీత దాటినది. అద్వైతులైతే జీవుడు బ్రహ్మము కొత్తగా 'అగుట' లేదనియు, అజ్ఞానము తొలగుటయే ఉన్నదనియు చెప్పుదురు. కాబట్టి దీనిని మోక్షమని మనము అంగీకరింపలేము. కాని ఆమె విడిచినదేమిటో గమనింపుడు. లైట్ యాగమి తన్ను లోకమంతయు కొలువవలెనని కోరినాడు. మడోకాకు గుడి లేదు, అర్చన లేదు. ఒక స్నేహితురాలు తప్ప ఆమెను ఎరిగినవారు లేరు. తల్లికి ఆ పేరు వినగా ఏదో చిరపరిచితమైన తోపు మాత్రమే కలుగును. అక్క ఉన్నదనియే తెలియని పసి తమ్ముడు మాత్రము నేలపై ఆమె బొమ్మ గీసి, పేరు పెట్టి పిలుచును.