పలకమీద సంతకం: దేనికి చెల్లు, దేనికి చెల్లదు?

కాటా దిగిన సరకుకు చీటీ, చీటీకి సంతకం. బేరం ముగిసిందనడానికి మార్కెట్లో ఇదే గుర్తు. ఆ సంతకం ఇప్పుడు కాగితం వదిలి అరచేయంత వెడల్పున్న ఎలక్ట్రానిక్ పలకమీదకు వచ్చింది. కౌంటరు ముందు నిలబడి, కలంవంటి పుల్లతో దానిమీద రాస్తే, సంతకం కంప్యూటరులోని పత్రానికి చేరుతుంది.

ఇది కొత్త సరకేమీ కాదు. అమెరికా పార్సిల్ సంస్థ యూపీఎస్ 1991లోనే సరకు అందుకున్న వారి సంతకాన్ని చేతి యంత్రంలో తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ 2000 జూన్ 30న వచ్చిన చట్టం, ఎలక్ట్రానిక్ రూపంలో వున్నదన్న ఒక్క కారణంతో సంతకాన్ని తోసిపుచ్చరాదన్నది. అయితే అదే దేశంలో 2018 ఏప్రిల్ నుండి ప్రధాన కార్డు సంస్థలు కొనుగోళ్లకు సంతకం తప్పనిసరి అన్న నిబంధన ఎత్తివేసినవి. పలకమీద గీసిన గీతను సరిచూసేవారు కరువైతే దాని విలువ ఎంతో ఇందువల్ల తెలుస్తున్నది.

మంచి రకం పలక బొమ్మను మాత్రమే పట్టదు. కలం ఎటు కదిలింది, ఎంత వేగంతో, ఎంత ఒత్తిడితో అన్నవి కూడా నమోదు చేస్తుంది. కొన్ని రకాలు సెకనుకు 200 సార్లు కలం జాడ తీసుకుని, ఒత్తిడిని 1,024 మెట్లుగా లెక్కిస్తవి. చవక రకం బొమ్మ ఒక్కటే దాస్తుంది. బొమ్మను మరో పత్రంమీద అతికించడం కష్టం కాదు. అందువల్ల సంతకాన్ని ఆ పత్రంతోనే ముడివేసి, తరువాత ఒక్క అంకె మారినా పట్టిచ్చే ఏర్పాటు వున్నదా లేదా అన్నదే కీలకం.

మన చట్టం సంగతి వేరు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, దానికి 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చిన సవరణ, నిర్ణీత పద్ధతులలో చేసిన వాటినే ఎలక్ట్రానిక్ సంతకాలుగా గుర్తిస్తున్నవి. డిజిటల్ సంతకం, ఆధార్ ద్వారా చేసే ఈ-సైన్ ఆ కోవలోనివి. పలకమీద గీసిన చేతిరాత వాటిలో లేదు. అంతమాత్రాన అది వ్యర్థం కాదు. ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న కారణం ఒక్కటే చూపి అది చెల్లదనడానికి వీలులేదని అదే చట్టం చెబుతున్నది. పైగా 1930 నాటి సరకుల విక్రయ చట్టం ప్రకారం నోటిమాటతో కూడా బేరం కుదరవచ్చు. కనుక తూకం చీటీపై, సరకు ముట్టిన రశీదుపై పలక సంతకం సాక్ష్యంగా పనికివస్తుంది. వివాదం కోర్టుకు ఎక్కితే, 2024 జూలై 1 నుండి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం కోరే ధ్రువపత్రం జతచేయవలసి వుంటుంది.

రైతు జాగ్రత్తపడవలసినది ప్రామిసరీ నోటు దగ్గర. పెట్టుబడికి కమీషన్ వ్యాపారి ఇచ్చే అప్పుకు నోటు రాయించుకోవడం పాత వాడుక. ఎలక్ట్రానిక్ పత్రాలకు ఇచ్చిన గుర్తింపు మొదట ఇలాంటి నోట్లకు వర్తించలేదు. 2022 సెప్టెంబరులో సడలింపు ఇచ్చినా, అది రిజర్వు బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల పరిధిలోని సంస్థల పేర రాసే నోట్లకే. కమీషన్ కొట్టు ఆ కోవలోకి రాదు. నోటు నిలవకున్నా బాకీ వున్నదని ఇతర సాక్ష్యంతో రుజువు చేయవచ్చునన్నది మాత్రం మరువరాదు.

గోదాము రశీదు సంగతి ఇంకొకటి. 2017 సెప్టెంబరు 26న ప్రారంభమైన ఎలక్ట్రానిక్ రశీదుల విధానంలో సరకుపై హక్కు రిపాజిటరీ ఖాతాలోని నమోదుమీద ఆధారపడుతుంది. పలకమీద సంతకం పెట్టినంత మాత్రాన ఆ రశీదు చేతికి వచ్చినట్లు కాదు. బ్యాంకు రుణానికి వెళ్లేముందు ఖాతాలో బస్తాలు, బరువు, నాణ్యత ఎక్కినవో లేదో చూసుకోవాలి.

పలక ముందుకు తోసినపుడు ఖాళీ గడిలో సంతకం పెట్టరాదు. బరువు, ధర, కోతలు తెరమీద చూపించమని అడగాలి. చదవలేనివారు నమ్మకస్తుడిచేత చదివించుకోవాలి. సంతకం పడిన వెంటనే అచ్చు ప్రతి గానీ, ఫోనుకు నకలు గానీ తీసుకోవాలి. నకలు ఇవ్వమన్నచోట కాగితంమీద చీటీ కోరడమే క్షేమం.