ఇంటికీ గ్యారేజీకీ మధ్య తలుపు: అగ్ని భద్రతా నియమాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఇంటిని ఆనుకొని ఉన్న గ్యారేజీ వల్ల కలిగే ప్రమాదాలను వివరించగలుగుతారు.
• అమెరికా గృహనిర్మాణ నియమావళి ఈ తలుపుకు విధించిన షరతులను పేర్కొనగలుగుతారు.
• తలుపు, గోడ, గాలి గొట్టాలు కలిసి ఒకే అడ్డుకట్టగా ఎలా పనిచేస్తాయో విశ్లేషించగలుగుతారు.
• అదే సూత్రాన్ని మన అపార్ట్‌మెంట్ల పార్కింగ్ స్థలాలకు అన్వయించగలుగుతారు.

9.1 పరిచయం

అమెరికా, కెనడా శివారు ప్రాంతాల్లో గ్యారేజీ చాలాచోట్ల ఇంటిలోనే ఒక భాగం. కారును లోపలికి తెచ్చి, పెద్ద తలుపు దించి, పక్కనున్న చిన్న తలుపు గుండా నేరుగా ఇంట్లోకి వస్తారు. మంచు కురిసే చోట ఇది గొప్ప సౌకర్యం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కూడా చాలామందికి రోజువారీ రాకపోకలు వీధి తలుపు నుంచి కాక ఈ తలుపు నుంచే సాగుతాయి.

ఈ చిన్న తలుపుకు ఒకవైపు పెట్రోలు నింపిన వాహనం, మరోవైపు నిద్రపోయే మనుషులు ఉంటారు. పడకగది తలుపు ఎంత మందం ఉండాలో యజమాని ఇష్టానికి వదిలేసే నియమావళి, ఈ తలుపు విషయంలో మాత్రం మందాన్నీ, తయారీ పదార్థాన్నీ, మూసుకునే తీరునూ నిర్దేశిస్తుంది. ఎందుకో, అది ఆచరణలో ఏమేరకు ఉపయోగపడుతుందో ఇప్పుడు తెలుసుకుందాం.

9.2 గ్యారేజీలోని ప్రమాదాలు

మొదటిది పెట్రోలు ఆవిరి. సున్నాకు దిగువన 40 డిగ్రీల సెల్సియస్ చలిలో కూడా పెట్రోలు అంటుకోగల ఆవిరిని వెలువరిస్తుంది. ఈ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల వెంట పాకుతుంది. అందుకే గ్యారేజీలో పెట్టే వాటర్ హీటరు వంటి పరికరాల్లో నిప్పు పుట్టే భాగం సాధారణంగా నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తులో ఉండాలని నియమం. నేల వాలు కూడా వాహనం వచ్చే ద్వారం వైపుకో, నీరు పోయే కాలువ వైపుకో ఉండాలి.

రెండవది నిల్వ సామగ్రి. రంగుల డబ్బాలు, అట్టపెట్టెలు, గడ్డి కోసే యంత్రం, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు సాధారణంగా గ్యారేజీకే చేరుతాయి. అక్కడ ఎవరూ నివసించరు కాబట్టి నిప్పు రాజుకున్నా వెంటనే తెలియదు.

మూడవది కార్బన్ మోనాక్సైడ్. ఇంజిను నడుస్తున్నప్పుడు వెలువడే ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. మంట లేకపోయినా ప్రాణాలు తీయగలదు. కాబట్టి ఈ తలుపు మంటతోపాటు వాయువునూ అడ్డుకోవాలి.

9.3 నియమావళి ఏమి చెబుతుంది?

అమెరికాలో ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ ప్రచురించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ఒక నమూనా నియమావళి. రాష్ట్రాలు, నగరాలు దీన్ని స్వీకరించి తమకు తగిన మార్పులు చేసుకుంటాయి. ఈ తలుపు గురించి అందులోని ముఖ్యాంశాలు ఇవి:

అ) గ్యారేజీ నుంచి నేరుగా పడకగదిలోకి ద్వారం ఉండకూడదు.

ఆ) ఇంటిలోని ఇతర భాగాలకు తెరుచుకునే తలుపు ఈ మూడింటిలో ఏదో ఒక రకానిదై ఉండాలి:
1. కనీసం 1⅜ అంగుళాల (సుమారు 35 మి.మీ.) మందం గల గట్టి చెక్క తలుపు;
2. అంతే మందంతో, లోపల గట్టి పదార్థం లేదా తేనెపట్టు ఆకారపు నింపుడు ఉన్న ఉక్కు తలుపు;
3. 20 నిమిషాల అగ్ని నిరోధక శక్తి ఉన్నట్లు పరీక్షలో తేలిన తలుపు.

ఇ) తలుపు తనంతట తానే మూసుకునే ఏర్పాటు ఉండాలి. నమూనా నియమావళిలో ఈ షరతు 2012 సంచిక నుంచి ఉంది. కొన్ని ప్రాంతాలు దీన్ని తొలగించి మిగతా నియమాలను స్వీకరించాయి. కాలిఫోర్నియా తలుపు మూసుకోవడంతోపాటు గొళ్ళెం కూడా దానంతటదే పడాలని కోరుతుంది.

దీన్నిబట్టి ఒక సాధారణ అపోహ తొలగిపోవాలి. ఇక్కడ ధృవీకరణ లేబుల్ ఉన్న ఫైర్ డోరే తప్పనిసరి కాదు. తగిన మందం గల గట్టి చెక్క తలుపుకు లేబుల్ లేకపోయినా నమూనా నియమావళి అంగీకరిస్తుంది. స్థానిక నియమం భిన్నంగా ఉంటే అదే చెల్లుతుంది. ఈ షరతులు ప్రధానంగా కొత్త నిర్మాణాలకు వర్తిస్తాయి కాబట్టి పాత ఇళ్లలో బలహీనమైన తలుపులు ఇప్పటికీ కనిపించవచ్చు.

9.4 తలుపు మంటను ఎంతసేపు ఆపుతుంది?

ఏ తలుపూ మంటను శాశ్వతంగా ఆపలేదు. అది ఇచ్చేది కొంత వ్యవధి మాత్రమే. ప్రామాణిక అగ్ని పరీక్షలో కొలిమి వేడి 5 నిమిషాలకు సుమారు 538 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలకు దాదాపు 795 డిగ్రీలు చేరుతుంది. తలుపును ద్వారబంధం, మడతబందులు, గొళ్ళెంతో సహా బిగించి ఈ వేడికి గురిచేస్తారు. కాబట్టి ధృవీకరణ ఆ అమరిక మొత్తానికి చెందుతుంది. లేబుల్ ఉన్న తలుపు రెక్కను కొని ఏదో ఒక చట్రానికి బిగిస్తే ఆ ధృవీకరణ వర్తించదు.

చెక్క తలుపు విషయంలో ఒక చిన్న లెక్క చూద్దాం. మండే చెక్క పైపొర నిమిషానికి సుమారు 0.65 మి.మీ. చొప్పున బొగ్గుగా మారుతుంది. 20 నిమిషాల్లో 13 మి.మీ. బొగ్గయితే, 35 మి.మీ. తలుపులో ఇంకా 22 మి.మీ. చెక్క మిగులుతుంది. పైన ఏర్పడిన బొగ్గు పొర లోపలి చెక్కకు వేడి త్వరగా చేరకుండా కాపాడుతుంది.

ఇప్పుడు లోపల బోలుగా ఉండే తలుపును తీసుకోండి. దానికి ఇరువైపులా సుమారు 3 మి.మీ. పలకలే ఉంటాయి. రెండూ కలిపి 6 మి.మీ. అంటే లెక్క ప్రకారం 10 నిమిషాలైనా నిలవదు. పలుచని పలకలు వంకరపోయి చీలుతాయి కాబట్టి నిజానికి అంతకంటే ముందే మంట దాటిపోతుంది. రంగు వేసిన తరువాత ఈ రెండు తలుపులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వేలితో తట్టి చూస్తే బోలు శబ్దాన్ని బట్టి తేడా తెలుస్తుంది.

9.5 మూసుకోవడమే కీలకం

తెరిచి ఉన్న తలుపు ఎంత మందమైనదైనా మంటను ఒక్క నిమిషం కూడా ఆపలేదు. రెండు చేతుల్లో సామాన్లతో లోపలికి వచ్చేవారు తలుపు వేయడం మరచిపోవచ్చు. ప్రమాదంలో పరుగెత్తేవారికి వెనుదిరిగి వేసే తీరిక ఉండదు. ఈ మరపును దృష్టిలో పెట్టుకొనే స్ప్రింగ్ మడతబందులు గానీ డోర్ క్లోజర్ గానీ అమర్చమన్నారు.

ఆచరణలో ఈ ఏర్పాటు సులభంగా వమ్మవుతుంది. తలుపు కింద చెక్కముక్క పెట్టడం, విసుగనిపించి స్ప్రింగును వదులు చేయడం, పెంపుడు పిల్లి కోసం తలుపుకు కన్నం కోయడం ఇందుకు ఉదాహరణలు. పరీక్షలో లేని కన్నం పడిన తలుపుకు ఆ పరీక్షాఫలితం వర్తించదు. నెలకు ఒకసారి తలుపును సగం తెరిచి వదిలి, అది పూర్తిగా మూసుకొని గొళ్ళెం పడుతున్నదో లేదో చూసుకోవడం మంచిది.

9.6 గోడ, పైకప్పు, గొట్టాలు

మంట, పొగ బలహీనమైన చోటునే వెతుక్కుంటాయి. కాబట్టి తలుపుతోపాటు దాని చుట్టూ ఉన్న నిర్మాణానికీ షరతులున్నాయి. ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడకు గ్యారేజీ వైపున కనీసం ½ అంగుళం జిప్సం బోర్డు ఉండాలి. పైన నివాస గదులుంటే గ్యారేజీ పైకప్పుకు ⅝ అంగుళం టైప్ ఎక్స్ జిప్సం బోర్డు కావాలి. జిప్సం బరువులో దాదాపు 21 శాతం రసాయనికంగా బంధించిన నీరే. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ వేడిని గ్రహిస్తుంది. టైప్ ఎక్స్ బోర్డులోని గాజు పీచు, నీరు పోయిన తరువాత కూడా బోర్డు విరిగిపడకుండా పట్టి ఉంచుతుంది.

గ్యారేజీ గోడను దాటే గాలి గొట్టాలు కనీసం 26 గేజి ఉక్కు రేకుతో చేసినవై ఉండాలి. వాటికి గ్యారేజీలో రంధ్రాలు ఉండకూడదు. లేకపోతే ఇంటి ఏసీ వ్యవస్థే వాహనపు పొగను పడకగదులకు చేరవేస్తుంది.

9.7 ఇతర సందర్భాలు

కెనడా జాతీయ భవన నియమావళి వాయువుపై ఎక్కువ దృష్టి పెడుతుంది. తలుపు బిగుతుగా ఉండాలనీ, అంచులకు గాలి చొరబడని పట్టీలు ఉండాలనీ, తానే మూసుకోవాలనీ చెబుతుంది. ఇంగ్లండ్ మార్గదర్శకాలు 30 నిమిషాల తలుపును సూచిస్తాయి. చిందిన ఇంధనం ఇంట్లోకి రాకుండా గ్యారేజీ నేల బయటి వైపుకు వాలుగా ఉండాలి, లేదా ద్వారం నేలకంటే కనీసం 100 మి.మీ. ఎత్తులో ఉండాలి.

మన నగరాల్లో గ్యారేజీకి బదులు అపార్ట్‌మెంట్ల కింద స్టిల్ట్ లేదా సెల్లార్ పార్కింగ్ ఉంటుంది. నిర్మాణం వేరైనా, వాహనాలకు పైన మనుషులు నిద్రించడం ఇక్కడా ఉంది. ఇక్కడ ఆ తలుపు స్థానంలో ఉన్నది మెట్ల దారి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోని ఒక భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిలో పైకెక్కి లాడ్జి గదులను కమ్మేయడంతో 8 మంది మరణించారు. వాహనాలుండే చోటికీ మెట్లకూ మధ్య మూసుకునే అడ్డు ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మెట్ల మొదట్లోనే స్కూటర్లు ఛార్జింగ్‌కు పెట్టడం, అక్కడ పాత సామాను పేర్చడం మానుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. గ్యారేజీ నుంచి ఏ గదిలోకి నేరుగా ద్వారం ఉండకూడదు?
2. పెట్రోలు ఆవిరి నేల వెంట ఎందుకు పాకుతుంది?
జవాబులు: 1. పడకగది. 2. అది గాలికంటే బరువైనది కాబట్టి.

9.8 సారాంశం

గ్యారేజీలో ఇంధన ఆవిరి, మండే సామగ్రి, కార్బన్ మోనాక్సైడ్ అనే మూడు ప్రమాదాలున్నాయి. తగిన మందం గల తలుపు, జిప్సం బోర్డు, రంధ్రాలు లేని గొట్టాలు కలిసి ఇంటివారికి మేలుకొని బయటపడే వ్యవధిని కల్పిస్తాయి. తలుపు మూసి ఉన్నప్పుడే ఆ వ్యవధి దక్కుతుంది.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఇంటికీ గ్యారేజీకీ మధ్య తలుపుకు అమెరికా నమూనా నియమావళి విధించిన షరతులను వివరించండి.
2. 35 మి.మీ. చెక్క తలుపును, బోలు తలుపును అగ్ని నిరోధక దృష్టితో పోల్చండి.
3. మీకు తెలిసిన ఒక అపార్ట్‌మెంటు పార్కింగ్ స్థలాన్ని పరిశీలించి, మెట్ల దారిలోకి పొగ ప్రవేశించగల మార్గాలను గుర్తించండి.