కర్ర ఎత్తే ముందు పళ్లు చూడండి

తణుకు చుట్టుపక్కల గట్టు మీదో గడ్డిమేటు కిందో ఏదైనా కదిలితే చాలు, ఎలుకేనని కొట్టేస్తాం. అది ఎలుకో కాదో చూసుకోవద్దూ?

ఒంటి మీద వెంట్రుకలుండి, పిల్లలకు పాలిచ్చేవన్నీ క్షీరదాలే. మీ గేదె, పిల్లి, ఆఖరికి చెట్టుకు వేలాడే గబ్బిలం కూడా. వీటిలో ఏది ఏ జాతిదో చాలావరకు పళ్లే చెబుతాయి.

ఎలుక, పందికొక్కు కొరికే జాతివి. ముందు పైన రెండు, కింద రెండు ఉలి లాంటి పళ్లుంటాయి. కోరపళ్లుండవు. ఆ ఉలిపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీయక తప్పదు. పిలకలు ఏటవాలుగా తెగి ఉంటే వీటి పనే. పందికొక్కు వెన్నుల్ని కన్నంలోకి లాక్కెళ్లి దాస్తుంది కూడా. (ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ మన పందికొక్కు మాటేనండోయ్!)

మూతి సూదిగా ఉండి, కంపు కొడుతూ, గోడవారన కీచుమంటూ పోయే చుంచు ఎలుక జాతిది కాదు. వాడి పళ్లతో పురుగుల్ని, బొద్దింకల్ని తింటుంది. దాన్ని వదిలేయండి. కోరపళ్లున్న ముంగిస ఎలుకల్నే తింటుంది.

సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూయండి. తెల్లారేసరికి తెరుచుకున్నవాటిలోనే ఎర పెట్టాలి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్లు కర్రతో కలిపి, 10–15 గ్రాముల పొట్లాలు కట్టి లోపలికి వేయండి. సార్వా అయినా దాళ్వా అయినా వరి పొట్టకు రాకముందే, పక్క చేల రైతులూ కలిసి ఒకేరోజు చేయాలి. లేకుంటే అవతలి చేలోవి ఇటొచ్చి చేరతాయి.

ఎర బయట చల్లొద్దు. ఆ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దానికి ఎలుకా ఒకటే, మీ కుక్కా ఒకటే. చచ్చిన ఎలుకల్ని ముంగిసలు, పిల్లులు తినకముందే ఏరి లోతుగా పాతిపెట్టండి.