గంతులేసి కుదురుకునే డ్రయ్యర్

"సార్, మా ఇంట్ల డ్రయ్యర్ మొదలు గంతులేస్తది. జోరందుకున్నంక సప్పుడు చేయకుంట తిరుగుతది. జోరు పెరిగితే గంతులు గూడ పెరగాలె గద సార్?"

పెద్దవంగరలో తొమ్మిదో తరగతికి కంపనాల గురించి చెబుతుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నేను గడగడా అపకేంద్ర బలం గురించి చెప్పేశాను. తడిబట్టల్లోంచి నీళ్లు బయటికెందుకు పోతాయో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించాను. ఆ పిల్ల అడిగింది అది కాదు. తలూపి కూర్చుంది గానీ ఒప్పుకోలేదని మొహమే చెబుతోంది. సాయంత్రం ఇంటికి పోయి స్క్రూడ్రైవర్ తీసుకుని మా పాత వాషింగ్ మిషన్ వెనక రేకు విప్పాను. నేను ఏది విప్పినా బిగించేటప్పుడు ఒక స్క్రూ మిగులుతుందని ఇంట్లో పేరుంది కాబట్టి అందరూ కాస్త దూరంగానే నిలబడ్డారు.

మాది రెండు తొట్ల మిషన్. ఎడమ పక్క వాషర్, కుడి పక్క డ్రయ్యర్. పాతకాలపు మిషన్లలో ఈనాటికీ ఇంట్లో ఉంచుకోదగ్గది ఏదంటే నా ఓటు దీనికే. నల్లాలో నీళ్ల ఒత్తిడి లేకపోయినా బకెట్‌తో పోసుకోవచ్చు. ఒకసారి పోసిన సబ్బునీళ్లలో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, చివరికి పొలం బట్టలు తీయొచ్చు. ఏ ఆటోమేటిక్ మిషనూ ఇంత పొదుపు చేయనివ్వదు.

వాషర్ వైపు చూస్తే మన కవ్వమే గుర్తొస్తుంది. సల్ల చిలికేటప్పుడు తాడును ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతాం. ఒకే వైపు తిప్పితే కుండలో మజ్జిగంతా కవ్వంతో పాటే తిరుగుతుంది తప్ప చిలకబడదు. తొట్టి అడుగున ఉండే పల్సేటర్ పనీ అంతే. అటూ ఇటూ తిప్పడానికి గేర్లేమీ లేవు. మోటారులో సరిసమానమైన రెండు తీగచుట్లు, వాటి మధ్య ఒక కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్ ఏ చుట్టుకు కలిస్తే దాని కరెంటు ముందు నడుస్తుంది, దాన్నిబట్టి మోటారు దిశ మారుతుంది. ఆ మార్పు చేసేది టైమర్‌లోని చిన్న ప్లాస్టిక్ చక్రం. టైమరేమో పాత అలారం గడియారంలా స్ప్రింగుతో నడిచేది. అందుకే కరెంటు పోయినా అది టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, బట్టలు ఉతక్కుండానే సమయం అయిపోతుంది!

ఇక డ్రయ్యర్. రేకు తీసి చూస్తే నాకు ముందు కనపడినవి మూడు స్ప్రింగులు. మోటారు వాటి మీద కూర్చుని ఉంది. పెట్టెకు గట్టిగా బిగించలేదు. చేత్తో తోస్తే తీరిగ్గా ఊగుతుంది. బుట్ట ఇరుసును నేరుగా మోటారు ఇరుసుకే తగిలించారు, బెల్టు లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది కాబట్టి ఇలాంటి నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి 1500 చుట్లు అందుకోవాలని చూస్తుంది, కొంచెం వెనకబడి 1350 దగ్గర ఆగుతుంది. బుట్ట వ్యాసార్ధం 12 సెంటీమీటర్లనుకుంటే గోడకు అంటుకున్న నీటిబొట్టు మీద పడే బలం దాని బరువుకు దాదాపు 245 రెట్లు. గ్రాము నీళ్లు పావుకిలో బరువుతో బయటికి దూకుతాయన్నమాట. చాకలి ఐలమ్మ పోరాడిన పాలకుర్తి మా పొరుగే. తడి దుప్పటి పిండాలంటే ఎంత సత్తువ కావాలో ఈ సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పిండడం సంగతి తేలింది, గంతుల సంగతి తేలలేదు. బుట్టలో బట్టలు ఎప్పుడూ సమంగా పడవు. ఒక పక్క 200 గ్రాములు ఎక్కువున్నాయనుకుందాం. బుట్టను కదలకుండా గట్టిగా పట్టి ఉంచి 1350 చుట్లతో తిప్పితే ఆ 200 గ్రాములే దాదాపు 50 కిలోల బరువంత బలంతో లాగుతాయి, అదీ సెకనుకు 22 సార్లు దిక్కు మారుస్తూ. 1937లో అమెరికాలో వచ్చిన బెండిక్స్ ఆటోమేటిక్ మిషన్‌ను నేలకు బోల్టులేసి బిగించాల్సి వచ్చింది ఇందుకే. లేకపోతే అది ఇల్లంతా నడిచేది. మా ఊళ్లో కొందరు డ్రయ్యర్ మూత మీద రాయి పెడతారు. వాళ్లదీ బెండిక్స్ ఆలోచనే.

డ్రయ్యర్ చేసిన ఇంజనీరు దీనికి ఎదురు దారి పట్టాడు. బిగించకుండా వదిలేశాడు. ఎందుకో తెలియాలంటే మూరెడు దారానికి ఒక తాళంకప్ప కట్టి చేత్తో వేలాడదీయండి. చేతిని మెల్లగా అటూ ఇటూ జరపండి, తాళం చేతి వెంటే వస్తుంది. కొంచెం వేగం పెంచి, తాళం తనంతట తాను ఊగే లయకు చెయ్యి కలపండి, అది విరగబడి ఊగుతుంది. ఇప్పుడు ఇంకా వేగంగా, చకచకా జరపండి. తాళం దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. జాగ్రత్తగా చూస్తే చెయ్యి కుడికి పోయినప్పుడు తాళం కాస్త ఎడమకు పోతుంది. లయ దాటాక తాళం చేతికి ఎదురు తిరిగింది.

బుట్టలోనూ ఇదే జరుగుతుంది. మా డ్రయ్యర్‌ను తోసి, ఫోనులో వీడియో తీసి లెక్కపెట్టాను. స్ప్రింగుల మీద అది సెకనుకు సుమారు నాలుగు సార్లు ఊగుతుంది, అంటే నిమిషానికి 240. స్విచ్ వేయగానే బుట్ట వేగం సున్నా నుంచి పెరుగుతూ ఆ 240ని తాకుతుంది. ఆ ఊరి పేరే గంతులు. అంతవరకూ బరువైన పక్క బయటికి విసురుకుంటూ పోతుంది. 240 దాటగానే బుట్ట మొత్తం రెండో పక్కకు జరిగి బరువైన పక్క లోపలికి వస్తుంది. ఇక అది ఇరుసు చుట్టూ తిరగదు, బట్టలతో కలిపిన తన గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. మోటారు, బుట్ట, బట్టలు కలిపి 8 కిలోలైతే 200 గ్రాముల తేడాకు గరిమనాభి జరిగేది 3 మిల్లీమీటర్లు. 1000 చుట్లయినా, 10,000 చుట్లయినా బుట్ట ఊగేది ఆ మూడు మిల్లీమీటర్లే. తనను తానే సరిచూసుకునే త్రాసు ఇది. నాకు ఈ ఒక్క సంగతి కోసమే డ్రయ్యర్ అంటే ప్రేమ.

ఇది అంత తేలిగ్గా దొరికిన సంగతి కాదు. తిరిగే ఇరుసు ఒక హద్దు వేగం దాటితే ఇక నిలవదని 1869లో రాంకిన్ లెక్క కట్టాడు. ఆవిరి యంత్రాల శాస్త్రంలో అంతటి పెద్దమనిషి చెప్పాక ఎదురాడేదెవరు? స్వీడన్‌లో గుస్టాఫ్ డి లావల్ ఎదురాడాడు, అదీ కాగితం మీద కాదు. పాలలోంచి మీగడ తీసే సెపరేటర్ చేసినవాడు ఈయనే. దాన్ని తిప్పడానికి ఆవిరి టర్బైన్ చేశాడు. అది నిమిషానికి 30,000 చుట్లు తిరగాలి. ఇరుసు లావు చేస్తే విరుగుతుందని, సన్నగా, వంగేలా చేశాడు. హద్దు వేగం దగ్గర అది వణికింది, దాటగానే కుదురుకుంది. సిద్ధాంతం కాదన్న పనిని యంత్రం చేసి చూపించింది. రాంకిన్ లెక్క ఎక్కడ తప్పిందో 1895లో జర్మనీలో ఫోపెల్ వివరించాడు గానీ, సివిల్ ఇంజనీర్ల పత్రికలో అచ్చేయడంతో యంత్రాలవాళ్ల కంట పడలేదు. 1919లో జెఫ్‌కాట్ మళ్లీ చెప్పాకే అందరూ నమ్మారు. ముప్పై ఏళ్లు టర్బైన్లు తిరుగుతూనే ఉన్నాయి, పుస్తకాలు మాత్రం తిరగవంటూనే ఉన్నాయి.

సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు డ్రయ్యర్ గంతుల్లోనే ఉండిపోవడం చూసే ఉంటారు. మోటారు మెలితిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సింది 180కి వస్తే బలం 60 శాతానికి పడిపోతుంది. ఆ కాస్త బలమూ ఊపడానికే ఖర్చయిపోయి వేగం పెరగడానికి ఏమీ మిగలదు. 1902లో సోమర్‌ఫెల్డ్ ఒక బల్ల మీద మోటారు పెట్టి ఇదే చూపించాడు. కరెంటు పెంచినా మోటారు వేగం పెరగలేదు, బల్ల మాత్రం ఇంకా ఊగింది. కాబట్టి అప్పుడు చేయాల్సింది రాయి పెట్టడం కాదు. రెండు బట్టలు తీసేసి, మిగతావి సమంగా సర్ది మళ్లీ వేయండి.

టాప్ లోడ్ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఖాళీ బుట్టను చేత్తో తిప్పితే అంచులో గులగులమని నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. లీకైందని కంగారుపడతారు. అది ఫ్యాక్టరీలోనే పోసి మూసిన ఉప్పునీరు. హద్దు వేగం దాటాక ఆ నీళ్లు తమంతట తామే బరువు లేని పక్కకు చేరి త్రాసు సరిచేస్తాయి. లావల్ ఇరుసు, ఉప్పునీళ్లు ఒకే సూత్రానికి పుట్టిన అన్నదమ్ములు.

వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్ల మీద నాకు మోజు లేదు. అమెరికాలో నార్త్ డకోటా చలిలో బట్టలారేయలేక విసిగిన రాస్ మూర్ ఆలోచన 1938లో 'జూన్ డే' పేరుతో బజారుకొచ్చింది. అక్కడి చలికి అది న్యాయమే. ఇక్కడ లెక్క వేరు. రెండు లీటర్ల నీళ్లను ఆవిరి చేయాలంటే దాదాపు 1.35 యూనిట్ల కరెంటంత శక్తి కావాలి. 150 వాట్ల మోటారు ఐదు నిమిషాలు తిరిగి అవే నీళ్లను విదిలిస్తే 0.0125 యూనిట్లు. వంద రెట్లు తేడా! మిగిలిన తడి సంగతి మా ఎండ, మా దండెం చూసుకుంటాయి.

ఈ మిషన్ వంశవృక్షం క్లుప్తంగా ఇదీ. 1948లో బ్రిటన్‌లో హూవర్ తొట్టి పక్కగోడకు పల్సేటర్ పెట్టింది. దాన్ని చూసి జపాన్‌లో సాన్యో 1953లో 28,500 యెన్‌లకు తన మిషన్ తెచ్చింది. పక్కన పిండే బుట్ట చేరాక రెండు తొట్ల రూపం ఆసియా అంతా పాకింది. 1980ల చివర వీడియోకాన్ ప్రకటనలతో పాటు మన టీవీల్లోకి, పెళ్లి సారెల్లోకి వచ్చేసింది.

పాతది కొనబోయేవాళ్లకు ఒక మాట. పెట్టె మెరుపు చూడొద్దు. ఖాళీ డ్రయ్యర్ తిప్పి చూడండి, గరగరమంటే బేరింగో సీలో పోయినట్టే, అప్పుడు నీళ్లు మోటారులోకి దిగుతాయి. మోటారు గుయ్యిమని తిరక్కపోతే కంగారు పడొద్దు, చాలాసార్లు కెపాసిటరే పోయి ఉంటుంది. బోరు నీళ్ల ఊళ్లలో రేకు పెట్టె కన్నా ప్లాస్టిక్ పెట్టె మేలు. కింద ఎలుకలు దూరకుండా జాలీ ఉండాలి. రెండు పిన్నుల ప్లగ్గుకు మాత్రం ఒప్పుకోవద్దు, తడిచేత్తో ముట్టుకునే వస్తువుకు ఎర్తింగ్ లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

మర్నాడు తాళంకప్ప, దారం క్లాసుకు తీసుకెళ్లాను. అందరూ ఊపి చూశారు. ఆ పిల్ల రెండు సార్లు ఊపింది. మూడోసారి చకచకా ఊపుతున్న చేతిని మెల్లమెల్లగా తగ్గించింది. తాళం మళ్లీ విరగబడి ఊగింది.

"అంటే ఆగేటప్పుడు గూడ ఒక్కసారి గంతులేయాలె గద సార్?"

వేయాలి. దిగేటప్పుడూ ఆ 240 మీదుగానే దిగాలి. మూత తీయగానే కరెంటు ఆగి, బ్రేకు వైరు వదులై, స్ప్రింగు బ్రేకును ఇరుసు మీద నొక్కేది చెయ్యి తెగకుండా ఉండడానికి. దాంతో పాటు బుట్ట ఆ గండాన్ని చప్పున దాటేస్తుంది కూడా. ఇదంతా చెప్పబోతుంటే ఆ పిల్లే అందుకుంది.

"మాదాంట్ల బ్రేకు అరిగినట్టున్నది సార్. ఆగేటప్పుడు మస్తు సేపు ఊగుతది."