బెల్టు పెట్టుకున్నా కారు అలారం ఆగకపోతే?

రాయ్‌పూర్ నుంచి బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి కేశ్‌కాల్ ఘాట్ మలుపుల మీదుగా సాగుతుంది. అలాంటి దారిలో బెల్టు పెట్టుకున్నా అలారం మోగుతూ ఉంటే విసుగే. చాలామంది బకిల్‌లో ఉత్త క్లిప్పు దూర్చి దాని నోరు నొక్కేస్తారు. దాంతో లోపం అలాగే ఉండిపోతుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. ఇలాంటి క్లిప్పుల అమ్మకం ఆపాలని 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ వేదికలను ఆదేశించింది.

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో ముందు సీట్లకు ఈ అలారం తప్పనిసరి. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉన్నా మోగుతుంటే, ముందు దానిపై బ్యాగు ఉందేమో చూడాలి. లేకపోతే అనుమానించాల్సింది సీటులో బరువును పసిగట్టే సెన్సర్‌ను. డ్రైవరు బెల్టు పెట్టుకున్నా మోగితే బకిల్‌లోని స్విచ్‌ను చూడాలి. ఎర్రమట్టి దుమ్ము, నాణేలు, పల్లీ పొట్టు అందులో చేరితే స్విచ్ సరిగా నొక్కుకోదు.

తర్వాత సీటు కింది కనెక్టరు. సీటును ముందుకూ వెనక్కీ జరిపినప్పుడు అలారం మారితే వైరు తెగిందనో, కనెక్టరు వదులైందనో అర్థం. వానాకాలపు తేమకు పిన్నులు తుప్పు పట్టొచ్చు.

పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిపై మల్టీమీటర్ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతుంటే స్కానర్ ఉన్న మెకానిక్‌కే అప్పగించాలి.