పోస్టుకార్డుల్లో బొమ్మలు చదివిన సిస్టర్ వెండీ

బొమ్మల గురించి మాట్లాడాలంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉండాలా? దేశదేశాల మ్యూజియంలు తిరిగి ఉండాలా? ఆ డిగ్రీ లేకుండా, ఆ మ్యూజియంలు చూడకముందే చిత్రకళను నేర్చుకుని, తర్వాత లక్షల మందికి దాన్ని దగ్గర చేసిన ఒక క్రైస్తవ సన్యాసిని ఉన్నారు. ఆమే సిస్టర్ వెండీ బెకెట్.

ఆమె 1930లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నతనం కొంత స్కాట్లాండులో గడిచింది. 16 ఏళ్లకే కాన్వెంటులో చేరారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. అయితే అక్కడ చదివింది చిత్రకళ కాదు, మనలాగే సాహిత్యం! ఇంగ్లీషు సాహిత్యంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్లి చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1970లో ఇంగ్లండు వచ్చేశారు. నార్ఫోక్‌లోని క్విడెన్‌హామ్ మఠం ఆవరణలో ఒక చిన్న కారవాన్ ఆమె ఇల్లు. రోజంతా మౌనం, ప్రార్థన. పనికి దొరికేది రెండు గంటలే.

1980 నుంచి ఆ కాస్త సమయాన్నీ చిత్రకళకు ఇచ్చారు. గ్యాలరీలకు వెళ్లే వీలు లేదు. లైబ్రరీ పుస్తకాలు, బొమ్మలు అచ్చేసిన పోస్టుకార్డులు, ఇవే ఆమెకు గురువులు. 1988లో వచ్చిన మొదటి కళా గ్రంథం సమకాలీన మహిళా చిత్రకారుల మీద రాసింది. కళాచరిత్రలో ఆడవాళ్ల పేర్లు వెతుక్కోవాల్సిన రోజుల్లో ఆమె అక్కడి నుంచే మొదలుపెట్టడం మనం గుర్తుంచుకోవాల్సిన విషయం.

1992లో బీబీసీ ఆమెతో ఒక సీరీస్ తీసింది. నల్లని సన్యాసిని దుస్తులు, పెద్ద కళ్లద్దాలు, చేతిలో స్క్రిప్టు లేదు. బొమ్మ ముందు నిలబడి, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు, చెయ్యి ఎక్కడుంది, వెలుగు ఎవరి మీద పడింది అని పక్కింటి పెద్దావిడ కబుర్లు చెప్పినట్టే చెప్పేవారు. నగ్న చిత్రాల గురించి కూడా తడబాటు లేకుండా మాట్లాడేవారు. దేహం కూడా దేవుడి సృష్టే కదా, అందులో సిగ్గుపడేదేముంది అన్నది ఆమె భావం. 1996లో వచ్చిన సీరీస్‌లో చిత్రకళ చరిత్ర మొత్తాన్నీ చెప్పుకొచ్చారు. 2018లో, 88వ ఏట కన్నుమూశారు.

ఆమె మాటల్లో లోతు లేదని కొందరు విమర్శకులు అన్నారు. కావచ్చు. కానీ గ్యాలరీ గుమ్మం దగ్గరే "ఇది మనకు అర్థం కాదులే" అని వెనక్కి తిరిగేవాళ్లను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లడం చిన్న పనా?

పద్యం చదివేటప్పుడు మనం ముందు పదాలు విడదీస్తాం, తర్వాత అన్వయం, ఆ తర్వాతే తాత్పర్యం. బొమ్మకూ అంతే. చెన్నైలో ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు పక్కనున్న బోర్డు వెంటనే చదవకండి. ఒకే ఒక్క శిల్పం ముందు అయిదు నిమిషాలు నిలబడి, మీకేం కనబడిందో మీ మాటల్లో పక్కనున్న స్నేహితురాలికి చెప్పండి. సిస్టర్ వెండీ నేర్పిన పాఠం అదే.