అధిక వేతనం - అల్ప పింఛను: ఐటీ ఉద్యోగుల విశ్రాంత జీవన ప్రణాళిక

శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లి ఒకప్పటి గ్రామం. నేడు ఐటీ ఉద్యోగుల నివాసప్రాంతం. భవిష్యనిధికి నెలనెలా చందా చెల్లుతున్నది కనుక విశ్రాంత జీవితానికి తగిన పింఛను వస్తుందనే భావన ఉద్యోగులలో కలగడం సహజం. అది ఎంతవరకు సరైనదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో, లెక్కకు తీసుకునే వేతనాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరు 1 నుంచి ఆ వేతనానికి సాధారణ పరిమితి 15,000 రూపాయలు. అందుచేత లక్ష రూపాయల మూలవేతనం పొందినవారికైనా 35 ఏళ్ల సేవకు లెక్కతేలేది నెలకు 7,500 రూపాయలే. ఆ తేదీ తరువాత, పరిమితికి మించిన వేతనంతో తొలిసారి భవిష్యనిధిలో చేరినవారికి ఈ పథకంలో సభ్యత్వమే లేదు. యజమాని వాటా కూడా నిధికే చేరుతుంది. ఆ నిధే వారికి ఆధారం.

ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 36వ ఏట నెలకు 50,000 రూపాయలైన కుటుంబవ్యయం 60వ ఏట సుమారు 2 లక్షలవుతుంది. ధరలను పెంచే చక్రవడ్డీ సూత్రమే పొదుపునూ పెంచుతుంది. అయితే అది మధ్యలో తెగిపోరాదు. ఉద్యోగం మారినప్పుడల్లా నిధిని తీసి ఖర్చుచేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఐదేళ్ల నిరంతర సేవ నిండకపోతే సాధారణంగా పన్ను కూడా పడుతుంది. యూఏఎన్ ద్వారా పాత నిల్వను కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవడం ఉచితం. 2009 మే 1 నుంచి పౌరులందరికీ అందుబాటులోకి వచ్చిన జాతీయ పింఛను వ్యవస్థలోనూ స్వచ్ఛందంగా చేరవచ్చు.

కావున వేతనం పెద్దదైనంత మాత్రాన వృద్ధాప్యానికి భరోసా ఏర్పడదు. ఉద్యోగాలు మారినా తెగని పొదుపే ఆ భరోసాకు మూలం.